ఆటలో అయితే మామిడికాయ కాదా?

ఉద్యోగ విరమణ చేసినవాళ్ళను పిలిచి, శాలువా కప్పి, "మీ సర్వీసులో మరువలేని సంఘటన ఒకటి చెప్పండి" అని అడగడం ఈమధ్య ఎక్కువైంది. కొత్త టీచర్ల శిక్షణకు నన్నూ పిలిచారు. నేను మైకు పట్టుకొని మామిడికాయ సంగతి మొదలుపెట్టగానే నిర్వాహకుడు చేతి గడియారం చూపించాడు. భోజనాల వేళయిందట. అక్కడ మింగిన మాటలు ఇక్కడ కక్కుతున్నాను. కొత్తగా చేరిన టీచరమ్మలూ, సార్లూ, ఇది మీ కోసమే. ఇందులో పాఠ్యప్రణాళిక ఏమీ లేదు, బెదరకండి.

నేను తెలుగు పండితురాలిని. మాది తల్లాడ దగ్గర పల్లె. చివరి పోస్టింగు జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే చోట, గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో. పాఠాలతోపాటు హాస్టలు వార్డెను పని కూడా నా నెత్తిన పడింది. పప్పు పల్చగా ఉన్నా నన్నే అడగాలి, ఫ్యాను తిరగకపోయినా నన్నే అడగాలి. అడిగినవాళ్ళకు నేను చెప్పే జవాబు అడవి అవతలి దాకా వినపడేది. పిల్లలు చాటుగా నన్ను "మైకు మేడం" అనుకునేవాళ్ళు. నాకు తెలుసు. నేను కూడా కొందరికి చాటుగా పేర్లు పెట్టుకున్నాను కాబట్టి ఊరుకున్నాను.

ఆ ఏడాది కాంట్రాక్టు మీద ఒక ఇంగ్లీషు టీచరు వచ్చింది. ఖమ్మం టౌను పిల్ల, హైదరాబాదులో చదువుకుంది. వచ్చిన వారానికే నాకు చెల్లె అయిపోయింది. చదువుకునే రోజుల్లో స్నేహితులతో కలిసి ఆడిన ఒక ఆట గురించి చెప్పి, "మన పిల్లలతో ఆడిద్దాం అక్కా, తెలుగులో ఆడుకుంటరు" అని నా వెంటపడింది.

ఆట ఏమిటంటే, బల్ల చుట్టూ కూర్చుంటారు. పావులు లేవు, గళ్ళు లేవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు యోధుడు, ఒకరు పూజారి, ఒకరు దొంగ, ఒకరు పాటగాడు. అందరూ కలిసి అడవుల వెంట, కొండల వెంట పోతుంటారు. దారిలో రాక్షసుడో, వరదో, మాయలేడో ఎదురవుతుంది. "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని కథ నడిపేవాళ్ళు అడుగుతారు. నువ్వు చెప్పింది జరుగుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతే ఆట.

"గెలిచేదెవరు?" అన్నాను.

"ఎవరూ గెలవరక్కా. కథ సాగుతుంటది."

"గెలుపు లేని ఆట ఏందమ్మా? జీతం లేని ఉద్యోగమా?"

"మా కాంట్రాక్టోళ్ళకు అలవాటే కదక్కా" అని నవ్వింది. నోటికి నోరు దొరికిందని సంతోషించి ఒప్పుకున్నాను.

ఆదివారాలు పొద్దున టిఫిను అయ్యాక భోజనాల హాల్లో, తొమ్మిదో తరగతి పిల్లలతో ఆట మొదలైంది. చెల్లె ఇంగ్లీషులో ఉన్న పాత్రలను చెప్పింది, నేను అట్టముక్కల మీద తెలుగులో రాసిచ్చాను. పిల్లలు ఆ కార్డులు చూసి మొదటి రోజే తగాదా పెట్టుకున్నారు.

"దొంగ మన జట్టుల ఎందుకుంటది మేడం? రాత్రికి మన మూటలే ఎత్తుకపోతది" అంది ఒకతె. అందరికన్నా పొడుగ్గా, అందరికన్నా గట్టిగా మాట్లాడే పిల్ల. ఆమెకు యోధురాలి కార్డు పడింది. జట్టుకు పెద్ద కూడా తానే అని ఎవరూ అడగకముందే ప్రకటించుకుంది.

"దొంగ అంటే చప్పుడు కాకుండ నడుస్తది, జాడలు కనిపెడతది" అని చెల్లె సర్దిచెప్పబోయింది.

"గది దొంగతనమా? మా నాయిన రోజూ చేసే పని గదే" అంది ఇంకో పిల్ల. హాలంతా ఘొల్లుమంది. దొంగ కార్డు చించేసి "జాడ తీసే మనిషి" అని రాశాను.

పాటగాడి మీద ఇంకో పంచాయితీ నడిచింది. పాట పాడితే జట్టుకు ధైర్యం వస్తుందని చెల్లె చెబితే పిల్లలకు చాల్లేదు. "మా దగ్గర డోలీలోళ్ళు వంశాల పేర్లు చెప్పి పాడితే సచ్చిపోయిన పెద్దోళ్ళు వచ్చి కూసుంటరు మేడం. ధైర్యం ఏంది?" అన్నారు. చెల్లె కాసేపు ఆ పిల్లల మొహాలు చూసి, కార్డు వెనక్కి తిప్పి తానే రాసింది, పాడితే పూర్వీకులు వచ్చి పక్కన నిలబడతారని. తరువాతి ఆదివారం ఆటలో వరద వచ్చినప్పుడు ఆ కార్డు ఉన్న పిల్ల లేచి నిలబడి తన వంశం పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. ఎక్కడో కొండల మీద పుట్టి ఎప్పుడో పోయినవాళ్ళ పేర్లు. పాచిక దొర్లుతుంటే హాల్లో ఒక్కరు ఊపిరి తీస్తే ఒట్టు. ఆ వయసు పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోబెట్టడానికి నేను సర్వీసంతా బెత్తం పట్టుకు తిరిగాను మరి.

అలా బాగానే సాగుతున్న ఆటలో, సెలవుల తర్వాత చెల్లె ఒక కొత్త పాత్రను తెచ్చింది. అసలు ఆటలో అందరూ కోరుకునేది అదేనట. చేయి పెట్టకుండా, దూరం నుంచే, మనసులో అనుకొని ఎదుటివాళ్ళను పడగొట్టే పాత్ర. నేను కార్డు మీద పెద్ద అక్షరాలతో "మంత్రగత్తె" అని రాశాను. కింద చెల్లె ఆ శక్తి వివరం రాసింది. ఇద్దరం కలిసి ఎంత ముచ్చటగా చేశామో! రంగు పెన్నులతో నిప్పులు కూడా గీశాం.

చీట్లు వేస్తే అది ఒక పిల్లకు పడింది. పల్చగా, నెమ్మదిగా ఉండేది. పొడుపు కథ వేసిందంటే నేను కూడా విప్పలేకపోయేదాన్ని. పక్కనే కూర్చున్న జట్టు పెద్ద కార్డు లాక్కొని పైకి చదివింది. చదివి, కార్డు బల్ల మీద పెట్టి, బెంచీ మీద దూరంగా జరిగింది.

"మేడం, వీళ్ళ నాయినమ్మను గూడ ఊళ్ళె గిదే అంటరు" అంది. ఇద్దరివీ పక్కపక్క ఊళ్ళు.

సంగతేమిటంటే, ఆ ఊళ్ళో ఒక పసిబిడ్డ జ్వరంతో పోయింది. ముందురోజు ఆ ముసలమ్మ బిడ్డను ఎత్తుకొని ముద్దు చేసిందట. అప్పటి నుంచి ఊరంతా గుసగుసలు. అడవి ఊళ్ళు కదా అని పెదవి విరవకండి. మైదానంలో మా పల్లెల్లో కూడా ఇట్లాంటి గుసగుసలు విని పెరిగినదాన్ని నేను. ఆ మాట మనిషి మీద పడితే ఆ మనిషి బతుకు ఏమవుతుందో కూడా చూశాను.

మా హాస్టల్లో వడ్డన పిల్లల వంతు. ఆ వారమే ఈ పిల్ల వంతు వచ్చింది. గరిటె పట్టుకొని వరస మొదట్లో నిలబడింది. ఒక్క కంచం కూడా ముందుకు రాలేదు. "ఆకలైతలేదు మేడం" అంది మొదటి పిల్ల. "నాకు గూడ" అంది రెండోది. వరస చివరిదాకా అందరికీ కడుపు నిండే ఉంది. ఆ పిల్ల గరిటెను గంజులో పెట్టి, చెయ్యి లంగాకు తుడుచుకొని, బయటికి వెళ్ళిపోయింది.

పెద్దవాళ్ళం కదా, సరిచేయడానికి బయలుదేరాం. మర్నాడు ప్రార్థనలో నేను మూఢనమ్మకాల మీద ఉపన్యాసం దంచాను. అప్పటిదాకా సంగతి తెలియని మూడో తరగతి పిల్లలకు కూడా దానితో తెలిసిపోయింది. చెల్లె ఆ కార్డు చింపి "శాస్త్రవేత్త" అని కొత్తది చేసింది. పిల్లలు దాన్నీ ముట్టలేదు. హెడ్మిస్ట్రెస్ మమ్మల్నిద్దర్నీ పిలిపించి, "ఈ ఆదివారంతో మీ కథ ముగించి ఆ ఆట కట్టిపెట్టండి. ఇంకో పిల్ల ఏడిస్తే బాగుండదు" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనపడక తలూపి వచ్చాం.

ఆ ఆదివారం పొద్దున్నే పిల్ల తండ్రి వచ్చాడు. బిడ్డను తీసుకుపోవడానికి వచ్చాడని అతని చేతిలో ఉన్న రేకుపెట్టె చూస్తే తెలిసింది. అప్పటికే గదిలోకి పోయి సర్దించేశాడు. బస్సు మధ్యాహ్నానికి గాని లేదు. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు.

"వచ్చే ఏడు పదో తరగతి. ఇప్పుడు తీసుకపోతే ఎట్ల తమ్ముడూ?" అన్నాను.

"చదువు వద్దనుకొని కాదు మేడం. వడ్డిస్తే ఎవ్వరు తినలేదని ఫోన్ల ఏడ్చింది. ఊళ్ళె మా అమ్మను అంటుండ్రు. ఈడ నా బిడ్డను అంటుండ్రు. ఇగ యాడికి పోవాలె? మిర్చి ఏరనీకి తోలుకపోత. ఆడ కైకిలి కూలోళ్ళల్ల ఎవ్వరు ఎవ్వరో తెల్వది. ఎవ్వరు అడగరు."

"బస్సు వచ్చేదాకా ఆట చూడవే" అని పిల్లతో అన్నాను. లేచి వచ్చింది గాని హాల్లోకి రాలేదు. గడప దగ్గర పెట్టె పెట్టుకొని దాని మీద కూర్చుంది.

లోపల కథ ఆఖరికొచ్చింది. జట్టు కొండ ఎక్కుతోంది. పాచిక ఎంత వేసినా కలిసి రావడం లేదు. రాళ్ళు దొర్లాయి, పాము కరిచింది, నీళ్ళు అయిపోయాయి. అందరివీ కొసప్రాణాలే మిగిలాయి. ఇంకొక్క పాచిక తప్పు పడితే జట్టు మొత్తం చచ్చిపోతుంది. పిల్లలకు అప్పటికే కళ్ళనీళ్ళు తిరుగుతున్నాయి. ఆఖరి ఆదివారం కదా, చెల్లెకు మనసొప్పలేదు. "మలుపు తిరగంగనే ఒక మామిడిచెట్టు కనపడ్డది. చెట్టు నిండ కాయలు. ఒక్క కాయ తింటే పోయిన ప్రాణమంతా తిరిగొస్తది" అంది.

ఇక ఎగబడతారని అనుకున్నాం. ఎవ్వరూ కదల్లేదు.

"తినుండ్రి" అంది చెల్లె.

"ఎట్ల తింటం మేడం? కొత్తలు కాలే" అంది జట్టు పెద్ద.

చెల్లె నావైపు చూసింది. అప్పుడు నేను చెప్పాను. ఈ ఊళ్ళలో ఏటా కొత్త పంట వచ్చినప్పుడు ఊరంతా కలిసి పండుగ చేస్తారు, దాన్నే కొత్తలు అంటారు. మామిడి కొత్తలు అయ్యేదాకా చెట్టు కింద రాలినా సరే, కాయ కొరకరు. అప్పటికింకా ఏ ఊళ్ళోనూ ఆ పండుగ కాలేదు.

"ఇది ఆట కదమ్మా. నిజం మామిడికాయ కాదు కదా" అంది చెల్లె.

"ఆటల ఐతే మామిడికాయ కాదా మేడం?"

"తినకపోతే చచ్చిపోతరు!"

"చస్తే చస్తం" అంది జట్టు పెద్ద. మిగతావాళ్ళు అవ్ అన్నట్టు తలలూపారు. కళ్ళు తుడుచుకుంటూనే ఊపారు. ఆ ఆట కోసం వారమంతా ఎదురుచూసే పిల్లలు. ఆ బొమ్మ ప్రాణాల కోసం కడుపులో బాధ పెట్టుకున్న పిల్లలు. ఎవరూ చూడని చోట, లేని చెట్టుకు కాసిన లేని కాయను కూడా కట్టు తప్పి తినం అన్నారు. నాకు వాళ్ళకు చేతులు జోడించాలనిపించింది.

అప్పుడు పూజారి కార్డు ఉన్న పిల్ల మెల్లగా అంది: "మనమే కొత్తలు చేస్తే?"

ఇక చూడండి! చెల్లె చేతిలోంచి కథ జారిపోయింది. యోధురాలు కత్తి పక్కన పెట్టి చెట్టు కింద నేల ఊడ్చింది. జాడ తీసే పిల్ల అడవికి పోయి అడ్డాకులు తెచ్చింది. పూజారి పిల్ల తమ భాషలో ఏదో వేడుకుంది. పాటగత్తె పెద్దల పేర్లు చెప్పి పిలిచింది. పెద్దలు దిగుతున్నట్టే పిల్లలు ఇంత చోటు వదిలి సర్దుకొని కూర్చున్నారు. బల్ల మీద గాలి తప్ప ఏమీ లేదు. అయినా ఆకులు పరిచిన చోటు మీద ఎవరి మోచెయ్యీ పడకుండా చూసుకుంటున్నారు. చెల్లె నేర్చుకున్న ఆటలో ఒకరు నరకాలి, ఒకరు నయం చేయాలి, ఒకరు దొంగిలించాలి అని ఉంది. ఆ పాత్రలన్నిటికీ కలిపి చేయడానికి ఒక పండుగ దొరికింది. చెల్లె పాచిక ఒళ్ళో పెట్టుకొని నోరెళ్ళబెట్టి చూస్తోంది.

జట్టు పెద్ద వాటాలు వేయడం మొదలుపెట్టింది. ఇంటికొక వాటా అంటూ ఒక్కొక్కరి ముందు గాలిలో పెడుతోంది. చివరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. శాస్త్రవేత్త అని రాసిన కార్డు ముందు బెంచీ ఖాళీగా ఉంది.

"ఒక్క వాటా మిగిలింది" అంది జాడ తీసే పిల్ల.

"మిగిలితే కొత్తలు ఐనట్టు కాదు" అంది పూజారి పిల్ల.

జట్టు పెద్ద కాసేపు ఆ ఖాళీ చోటునే చూసింది. తరవాత రెండు చేతులూ దోసిలి పట్టుకొని లేచింది. గడప దాకా నడిచి, పెట్టె మీద కూర్చున్న పిల్ల ముందు దోసిలి చాపింది.

"ఇగో, మీ ఇంటి వాటా. తీస్కో."

ఆ పిల్ల తీసుకోలేదు. "ఇచ్చుడు అందరు ఇస్తరు" అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. "మా ఊళ్ళె గూడ మా నాయినమ్మకు వాటా పంపిస్తరు. ఆమె చేతిది ఎవ్వరు తినరు."

ఇక్కడ కల్పించుకొని ఏదైనా చెప్పమని నా నోరు లాగుతోంది. చెల్లె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెకు ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

జట్టు పెద్ద నిలబడే ఉంది. తనకూ భయం ఉంది, అది మొహంలో కనపడుతోంది. చిన్నప్పటినుంచీ ఊళ్ళో విన్నది ఎక్కడికి పోతుంది? ఆటలో మంత్రగత్తె అనగానే మొదట దూరం జరిగింది కూడా తానే. తరవాత జట్టు పెద్ద గడప ముందు బాసింపట్టు వేసుకొని కూర్చుంది. దోసిట్లో ఉన్నదాన్ని ఎదుటి పిల్ల ఒళ్ళో పోసింది. ఖాళీ అయిన కుడిచెయ్యి చాపింది.

"ఐతే నువ్వే పంచు. నాకు నీ చేతితోని పెట్టు. జల్దీ పెట్టు, సచ్చేటట్టున్నం."

ఆ పిల్ల ఏమీ లేని వేళ్ళతో ఏమీ లేని ముక్క తీసి ఆ అరచేతిలో పెట్టింది. జట్టు పెద్ద దాన్ని నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకొని నమిలింది. నములుతూ నములుతూ ఒక్కసారి మొహమంతా ముడుచుకుంది.

"అబ్బా! పులుపు!"

ఆ ఒక్క మాటతో హాలు పగిలిపోయింది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా పిల్లలంతా గడప దగ్గరికి ఉరికారు. ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు, చేతులు చాపారు. ఆ పిల్ల పెడుతోంది. ఒక్కొక్కతె తిని, పళ్ళు పులిసినట్టు మొహం పెట్టి, పక్కకు జరుగుతోంది. చెల్లె పోయి కూర్చుంది. నేనూ మోకాళ్ళు పట్టుకుంటూ కూర్చున్నాను. నా అరచేతికి ఆ పిల్ల వేళ్ళు తగిలాయి, చల్లగా ఉన్నాయి. నోట్లో వేసుకున్నాను. చెబితే నమ్ముతారో లేదో, నా నోట్లో నీళ్ళూరాయి.

ఆ మధ్యాహ్నం అన్నాల వేళకు జట్టు పెద్ద గరిటె తీసుకొచ్చి ఆ పిల్ల చేతికిచ్చి, తన కంచం పట్టుకొని వరసలో ముందు నిలబడింది. వెనక అందరూ నిలబడ్డారు. ఎవరి ఆకలీ ఎక్కడికీ పోలేదు. ఇదంతా నా ఉపన్యాసం ఫలితమని హెడ్మిస్ట్రెస్ మీటింగులో చెప్పింది. నేను ఖండించలేదు, ఊరికే వచ్చే మెప్పును ఎందుకు వదులుకోవాలి? మీకు మాత్రం నిజం చెబుతున్నాను. మేం చెప్పిన బుద్ధులేవీ ఆ పిల్లల చెవికెక్కలేదు. చస్తామన్నా తప్పు తినకూడదనే వాళ్ళ పట్టుదలే ఆ పిల్లను పిలిపించింది. నేను ముప్పుతిప్పలు పడి విప్పలేని ముడిని వాళ్ళ కొత్తలు విప్పాయి.

కాని అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది. ఆట దగ్గర మేమందరం లేచి దుమ్ము దులుపుకుంటుంటే, వరండాలోంచి తండ్రి లేచి వచ్చాడు. అంతసేపూ చూస్తూనే ఉన్నాడన్నమాట. గడప ముందు, పిల్లలు కూర్చున్న చోటే కూర్చొని చెయ్యి చాపాడు. బిడ్డ పెట్టింది. అతను నోట్లో వేసుకొని నమలలేక అలాగే ఉండిపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

"మేడం" అన్నాడు కాసేపటికి. "ఊరోళ్ళనే అన్న గాని... మా అమ్మ చేతి బువ్వ నేను గూడ తింటలేను. ఊరోళ్ళు చూస్తరని."

దూరంగా బస్సు హారను వినపడింది. అతను లేచి తువ్వాలు భుజాన వేసుకొని గేటు వైపు బయలుదేరాడు.

"నాయినా, పెట్టె?" అంది బిడ్డ వెనకనుంచి.

"ఉండనియ్, నువ్వు చదువుకో" అన్నాడు ఆగకుండానే. "నేను జల్దీ పోవాలె. మీ నాయినమ్మ పొయ్యి ఆరకముందే ఇల్లు చేరాలె."